ఎమ్మెల్యేగానా, ఎమ్మెల్సీగానా? రాష్ట్ర చట్టసభకు ఆరు దారులు, ఎవరికి ఏది నప్పుతుంది

చట్టసభలో కూర్చోవాలనుకునేవారిలో చాలామంది ముందు సీటు గురించి ఆలోచిస్తారు, ఓటరు గురించి తర్వాత ఆలోచిస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. "ఎమ్మెల్యే టికెట్ దొరకడం కష్టం, పోనీ ఎమ్మెల్సీ చూద్దాం" అనే మాట పార్టీ ఆఫీసుల్లో రోజూ వినపడుతుంది. కానీ ఎమ్మెల్సీ (శాసనమండలి సభ్యత్వం) అనేది ఒక దారి కాదు, ఐదు దారులు. ఒకదానిలో మీకు ఓటేసేది పదుల సంఖ్యలో ఎమ్మెల్యేలు, ఇంకోదానిలో లక్షల మంది డిగ్రీ పాసైనవాళ్లు. మరోదానిలో అసలు ఓటే ఉండదు. శాసనసభతో కలిపి ఆరు దారులు. మీ పేరు తెలిసిన ఓటరు వీటిలో ఎక్కడున్నాడన్నదే అసలు ప్రశ్న.

ఈ పోలిక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తిస్తుంది. పోటీ చేయాలనుకునేవారికోసం రాసినా, ఏ ఎన్నికలో ఎలా ఓటేయాలో తెలియక ఆగిపోయే పట్టభద్రులకు, టీచర్లకు కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

## రెండు సభల్లో ఎవరెవరు ఉంటారు

| | ఆంధ్రప్రదేశ్ | తెలంగాణ |
|---|---|---|
| శాసనసభ మొత్తం స్థానాలు | 175 | 119 |
| అందులో ఎస్సీ రిజర్వుడు | 29 | 19 |
| అందులో ఎస్టీ రిజర్వుడు | 7 | 12 |
| శాసనమండలి మొత్తం | 58 | 40 |
| ఎమ్మెల్యే కోటా | 20 | 14 |
| స్థానిక సంస్థల కోటా | 20 | 14 |
| పట్టభద్రులు | 5 | 3 |
| ఉపాధ్యాయులు | 5 | 3 |
| గవర్నర్ నామినేట్ చేసేవి | 8 | 6 |

మండలి అంకెలు రాజ్యాంగం 171వ అధికరణం నుంచి వచ్చినవి. మండలి బలం శాసనసభలో మూడో వంతు దాటకూడదు, 40కి తగ్గకూడదు. అందులో మూడో వంతు స్థానిక సంస్థలకు, మూడో వంతు ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారికి, పన్నెండో వంతు పట్టభద్రులకు, పన్నెండో వంతు ఉపాధ్యాయులకు, మిగిలినవి గవర్నర్‌కు. తెలంగాణలో 119లో మూడో వంతు నలభైకి కాస్త తక్కువే. అయినా కనీస సంఖ్య నిబంధనవల్ల 40 ఉన్నాయి.

రిజర్వేషన్ శాసనసభకే ఉంది, మండలికి లేదు. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ మహిళలకు ఇచ్చిన మూడో వంతు కూడా లోక్‌సభకు, శాసనసభలకే గానీ మండళ్లకు కాదు. మండలిలో మీ వర్గానికి చోటు దొరకడం పూర్తిగా పార్టీ దయ మీద, ఓటర్ల దయ మీద ఆధారపడి ఉంటుంది. దారి ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## వేటిని బట్టి పోల్చాలి

ఐదు విషయాలు చూస్తే చాలు. ఓటర్లు ఎవరు, ఎంతమంది. గెలుపు తేల్చేది ఏ లెక్క. పార్టీ లేకుండా సాధ్యమా. ఖాళీ ఎప్పుడొస్తుంది. గెలిచాక చేతికొచ్చే అధికారం ఎంత.

వయసుతో సగం మందికి ప్రశ్న అక్కడికక్కడే తేలిపోతుంది. శాసనసభకు 25 ఏళ్లు నిండాలి, మండలికి 30. మీ వయసు 27 అయితే శాసనసభ తప్ప వేరే దారి లేదు.

| దారి | ఓటర్లు | ఓటు వేసే పద్ధతి | ప్రతిపాదించేవారు | ఖర్చు పరిమితి |
|---|---|---|---|---|
| శాసనసభ | నియోజకవర్గంలోని ఓటర్లందరూ | ఈవీఎం, ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు | గుర్తింపు పార్టీకి ఒకరు, మిగతావారికి 10 మంది | 40 లక్షల రూపాయలు |
| ఎమ్మెల్యే కోటా | ఎమ్మెల్యేలు | బ్యాలెట్, ప్రాధాన్య ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇవ్వడం) | 10 మంది ఎమ్మెల్యేలు | లేదు |
| స్థానిక సంస్థలు | ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో (వేరే పదవి హోదాతో వచ్చిన) సభ్యులు | బ్యాలెట్, ప్రాధాన్య ఓటు | 10 మంది ఓటర్లు | లేదు |
| పట్టభద్రులు | పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులు | బ్యాలెట్, ప్రాధాన్య ఓటు | 10 మంది ఓటర్లు | లేదు |
| ఉపాధ్యాయులు | పేరు నమోదు చేయించుకున్న టీచర్లు | బ్యాలెట్, ప్రాధాన్య ఓటు | 10 మంది ఓటర్లు | లేదు |
| గవర్నర్ కోటా | ఓటు లేదు | మంత్రిమండలి సిఫారసు | అక్కర్లేదు | వర్తించదు |

పోటీ ఉన్న అయిదు దారుల్లోనూ డిపాజిట్ ఒకటే: 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. ఖర్చు పరిమితి మండలికి ఎందుకు లేదంటే, ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఎన్నికల ఖర్చుల అధ్యాయం లోక్‌సభకు, శాసనసభకు మాత్రమే వర్తిస్తుందని ఆ అధ్యాయం మొదట్లోనే రాసి ఉంది. చిన్న ఓటరు జాబితా, ఖర్చుకు హద్దు లేని ఎన్నిక, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో స్థానిక సంస్థల కోటాలో కనిపిస్తుంది.

## శాసనసభ: అందరి ఓటు, అన్నిటికంటే ఎక్కువ అధికారం

2024లో ఆంధ్రప్రదేశ్‌లో 4.14 కోట్ల ఓటర్లు, 2023లో తెలంగాణలో 3.26 కోట్ల ఓటర్లు. సీట్లతో భాగిస్తే ఒక్కో నియోజకవర్గానికి సగటున ఆంధ్రలో 2.37 లక్షలు, తెలంగాణలో 2.74 లక్షలు. పోలైనవాటిలో సగం దాటక్కర్లేదు, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. అందుకే ఓట్లు ముగ్గురి మధ్య చీలిన చోట 35 శాతంతో గెలవడం సాధ్యమే, ముఖాముఖి పోరులో 48 శాతం వచ్చినా ఇంటికి పోవడమూ సాధ్యమే. మీ నియోజకవర్గంలో పోటీ ఎన్ని ముక్కలవుతుందన్న అంచనా మీ ప్రచారమంత ముఖ్యం.

పోటీ చేయడానికి ఆ నియోజకవర్గంలోనే ఓటు ఉండక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. రిజర్వుడు స్థానానికి ఆ రాష్ట్రపు ఎస్సీ లేదా ఎస్టీ జాబితాలోని కులానికి, తెగకు చెంది ఉండాలి. ఒకప్పుడు పంచాయతీ ఎన్నికల్లో వినిపించిన ఇద్దరు పిల్లల నిబంధన స్థానిక సంస్థలకు పెట్టింది. శాసనసభకు అది ఎప్పుడూ లేదు, అయినా ఆ భయంతో వెనక్కి తగ్గేవారు ఇప్పటికీ కనిపిస్తారు.

40 లక్షల పరిమితి గురించి ఒక హెచ్చరిక. నామినేషన్ వేయడానికి కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చు కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక వ్యక్తికి గానీ సంస్థకు గానీ మొత్తం ఎన్నికలో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇవ్వకూడదు. ఆపై చెల్లింపులు చెక్కు ద్వారా లేదా ఆన్‌లైన్‌లో జరగాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఓడిపోయినవారే ఎక్కువగా దీన్ని వదిలేస్తారు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు ఏ చట్టసభకూ పోటీ చేయనివ్వకుండా ఎన్నికల సంఘం వేటు వేయగలదు. ఓడిన ఎన్నిక లెక్క ఇవ్వక వచ్చే ఎన్నిక కూడా పోగొట్టుకోవద్దు.

## ఎమ్మెల్యే కోటా: అంకగణితమే అభ్యర్థి

ఇక్కడ ప్రచారం లేదు, కూడిక ఉంది. ఒక్కో ఓటుకు 100 విలువ కడతారు. మొత్తం విలువను ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, శేషం వదిలేసి, వచ్చినదానికి ఒకటి కలిపితే గెలుపు కోటా వస్తుంది.

ఆంధ్రలో 175 మందీ ఓటేస్తే, ఖాళీలు ఏడు అనుకుందాం. 17,500ను 8తో భాగిస్తే 2,187 పైచిలుకు. ఒకటి కలిపితే 2,188. ఓటు విలువ వంద కాబట్టి 22 మంది ఎమ్మెల్యేలు కావాలి. ఖాళీలు అయిదే అయితే కోటా 2,917, అంటే 30 మంది. తెలంగాణలో 119 మంది, అయిదు ఖాళీలైతే 11,900ను 6తో భాగించాలి. కోటా 1,984, అంటే 20 మంది. ఒకేసారి ఎన్ని ఖాళీలొస్తే చిన్న పార్టీకి అంత లాభం.

ఈ లెక్క అందరికీ ముందే తెలుసు కాబట్టి పార్టీలు తమ బలానికి సరిపడా అభ్యర్థులనే నిలబెడతాయి, ఎన్నిక ఏకగ్రీవమవుతుంది. 2025 మార్చిలో రెండు రాష్ట్రాల్లోనూ అయిదేసి స్థానాలు అలాగే నిండాయి. లెక్క తప్పిన సందర్భం 2023 మార్చిలో ఆంధ్రలో వచ్చింది. ఏడు స్థానాలు, గెలవాలంటే 22 ఓట్లు. నలుగురు దూరమయ్యాక తెలుగుదేశం వెంట 19 మందే ఉన్నారని లెక్క. అయినా ఆ పార్టీ అభ్యర్థికి 23 మొదటి ప్రాధాన్య ఓట్లు పడ్డాయి. అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. ఇలా జరగడానికి కారణం రహస్య ఓటు. రాజ్యసభ ఎన్నికలో పార్టీ ఏజెంటుకు బ్యాలెట్ చూపించి వేయాలి, ఇక్కడ చూపించక్కర్లేదు. సభ లోపల జరిగే ఓటింగ్ కాదు కనుక విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) కూడా పనిచేయదు.

పార్టీ అధినాయకత్వం మీ పేరు ఖాయం చేస్తే ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. కానీ పార్టీ లేనివారికి ఇది మూసిన తలుపే. నామినేషన్ కాగితం మీదే పదిమంది ఎమ్మెల్యేల సంతకాలు కావాలి.

## స్థానిక సంస్థల కోటా: కొద్దిమంది ఓటర్లు, పెద్ద ఒత్తిడి

ఒక జిల్లా స్థానంలో ఓటర్లు వందల్లో ఉంటారు, పెద్ద ఉమ్మడి జిల్లాల్లో వెయ్యి దాటుతారు. హైదరాబాద్ స్థానంలో మరీ తక్కువ. 2025 ఏప్రిల్ ఎన్నికలో కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి 112 మందే. సర్పంచులకు ఈ ఎన్నికలో ఓటు లేదు. ఊళ్లో సర్పంచుల బలం చూసుకుని ఈ దారిలోకి దిగినవారు జాబితా చేతికొచ్చాక ఖంగు తింటారు. మండల, జిల్లా పరిషత్తులు, మున్సిపాలిటీలు మాత్రమే లెక్కలోకి వస్తాయి.

ఇంకో చిక్కు ఖాళీ నిండే తేదీ. ఆ స్థానం పరిధిలో కనీసం 75 శాతం స్థానిక సంస్థలు పనిచేస్తూ, మొత్తం ఓటర్లలో కనీసం 75 శాతం మంది పదవిలో ఉంటేనే ఎన్నికల సంఘం ఎన్నిక పెడుతుంది. స్థానిక ఎన్నికలు వాయిదా పడితే ఎమ్మెల్సీ స్థానాలూ ఖాళీగానే ఉండిపోతాయి. ఆరేళ్ల ప్రణాళిక వేసుకున్నవారికి ఇది ఏడెనిమిదేళ్లు కూడా కావచ్చు.

ఓటర్లను పోలింగ్ దాకా క్యాంపుల్లో ఉంచడం ఈ ఎన్నికకు అలవాటైపోయిన జబ్బు. జిల్లాలో అధికార పార్టీకి మెజారిటీ ఉంటే ప్రత్యర్థి నామినేషన్ కూడా వేయడు. లేకపోతే డబ్బున్నవాడిదే ముందడుగు. మండలాల్లో పదిహేనేళ్లు పార్టీ పని చేసి, ఎంపీటీసీలను పేరుపెట్టి పిలవగలిగేవారికి తప్ప ఈ దారి సిఫారసు చేయడం కష్టం.

## పట్టభద్రుల స్థానం: పార్టీ లేనివారికి నిజమైన అవకాశం

పార్టీ గుర్తులు లేని బ్యాలెట్ మీద ఒక సాధారణ వ్యక్తి గెలవగల చోటు ఇది. అందుకే కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

మొదట ఒక అపోహ. పట్టభద్రుల స్థానానికి పోటీ చేయాలంటే డిగ్రీ ఉండాలని అందరూ అనుకుంటారు. అక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కడైనా శాసనసభ ఓటు ఉండి 30 ఏళ్లు నిండితే చాలు. సుప్రీంకోర్టు 1972లోనే ఈ సంగతి తేల్చింది. డిగ్రీ కావాల్సింది ఓటరుకు.

ఓటరు కావడానికి నవంబరు 1 నాటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండాలి. 2026 నవంబరు 1 జాబితాకైతే 2023 అక్టోబరు 31 లోపు పాసై ఉండాలి. ఇక్కడే అసలు దెబ్బ తగులుతుంది: ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది. పోయిన ఎన్నికలో ఓటు వేశాను, నా పేరు ఉండే ఉంటుందని కూర్చుంటే ఉండదు. మళ్లీ ఫారం 18 నింపి, డిగ్రీ లేదా ప్రొవిజనల్ సర్టిఫికెట్ నకలు జతచేసి, నివాసం ఆ నియోజకవర్గంలో ఉందని చూపించాలి. మామూలుగా అక్టోబరు మొదట్లో ప్రకటన వస్తుంది, నవంబరు మొదటి వారం వరకు దరఖాస్తులు తీసుకుంటారు, డిసెంబరు చివర్లో తుది జాబితా వస్తుంది. ఆ తర్వాత చేర్చుకునే వీలు కొంత ఉన్నా దాన్ని నమ్ముకోకూడదు. పార్టీలు, సంఘాలు మూటగట్టి తెచ్చే దరఖాస్తులు తీసుకోరు. ఒక ఆఫీసు అధిపతి తన ఉద్యోగులవి, ఒక ఇంట్లోవారు ఆ ఇంటివారివి కలిపి ఇవ్వొచ్చు.

పోటీ చేసేవారికి దీని అర్థం ఒకటే. ఎన్నిక మార్చిలో జరిగితే మీ పని అంతకు ముందటి అక్టోబరులోనే సగం తేలిపోతుంది. తనకు ఓటేసేవారిని నమోదు చేయించని అభ్యర్థి ఫిబ్రవరిలో ఎన్ని సభలు పెట్టినా, వేరేవాళ్లు నమోదు చేయించిన ఓటర్ల దగ్గరే బతిమాలుకోవాలి.

రెండోది బ్యాలెట్. 2021లో మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. దినపత్రికంత కాగితం మీద మీ పేరు వెతికి, ఎదురుగా గడిలో పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు పెన్నుతోనే 1 అని రాయాలి. 2, 3 రాయడం ఓటరు ఇష్టం, 1 మాత్రం తప్పనిసరి. అంకె రోమన్‌లో ఉన్నా, తెలుగు అంకెల్లో ఉన్నా చెల్లుతుంది. "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. టిక్కు పెట్టినా, ఇంటూ పెట్టినా, సంతకం చేసినా, సొంత పెన్ను వాడినా, 1ని ఇద్దరికి రాసినా ఓటు పోయినట్టే. చదువుకున్నవారి ఎన్నిక కదా అనుకుంటాం. 2025లో మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ పట్టభద్రుల స్థానంలో 28 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఈవీఎం మీట నొక్కడం అలవాటైన చేయి పెన్ను పట్టేసరికి తడబడుతుంది. ప్రచారంలో మీ పథకాల గురించి చెప్పే సమయంలో సగం, గడిలో 1 ఎలా రాయాలో చూపించడానికి కేటాయించండి.

మూడోది లెక్కింపు. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి ఒకటి కలిపితే గెలుపు కోటా. ఉదాహరణకు లక్ష ఓట్లు చెల్లితే 50,001. మీకు మొదటి ప్రాధాన్యం 38,000, రెండో అభ్యర్థికి 35,000, మూడో అభ్యర్థికి 17,000, మిగతా అందరికీ కలిపి 10,000 వచ్చాయనుకోండి. ఎవరికీ కోటా రాలేదు. అప్పుడు కింది నుంచి ఒక్కొక్కరిని తీసేస్తూ, వారి బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వారికి చేరుస్తారు. మూడో అభ్యర్థి 17,000 బ్యాలెట్లలో ఎక్కువ భాగం మీ ప్రత్యర్థికి 2 వేసి ఉంటే, మూడు వేల ఆధిక్యంతో మొదలైన మీరు ఓడిపోతారు. 1 మాత్రమే రాసి వదిలేసిన బ్యాలెట్లు పక్కకు పోతాయి. అందుకే ఈ ఎన్నికలో మూడో స్థానంలో ఉన్నవారితో గొడవ పెట్టుకోవడం తెలివితక్కువ పని. "మొదటి ఓటు మీ ఇష్టం, రెండోది నాకివ్వండి" అని అడగగలిగే మనిషికే ఇక్కడ గెలుపు. లెక్కింపు రెండు మూడు రోజులు కూడా సాగుతుంది. షిఫ్టుల వారీగా ఏజెంట్లను సిద్ధం చేసుకోకపోతే మూడో రాత్రి టేబుల్ దగ్గర మీ మనిషి నిద్రపోతుంటాడు.

స్వతంత్రుడిగా గెలిస్తే ఒక గీత దాటకూడదు. ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వం పోతుంది.

## ఉపాధ్యాయుల స్థానం

లెక్కింపు, బ్యాలెట్ అన్నీ పట్టభద్రుల ఎన్నికలాగే. ఓటరు అర్హత మారుతుంది: నవంబరు 1కి ముందరి ఆరేళ్లలో మొత్తం కనీసం మూడేళ్లు, హైస్కూలు స్థాయికి తగ్గని విద్యాసంస్థలో పాఠం చెప్పి ఉండాలి. ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారికి ఓటు రాదు. ఫారం 19కి సంస్థ అధిపతి ధ్రువపత్రం జతచేయాలి. ప్రైవేటు కాలేజీల్లో ఏటా సంస్థ మారే లెక్చరర్లు ఈ ధ్రువపత్రాల దగ్గరే ఆగిపోతారు, పాత సంస్థల నుంచి కూడా తెచ్చుకోవాలి.

ఓటర్లు తక్కువ, అందరూ ఒకరికొకరు తెలిసినవారే. యూటీఎఫ్, పీఆర్‌టీయూ, ఎస్‌టీయూ లాంటి ఉపాధ్యాయ సంఘాల బలం ఇక్కడ పార్టీల బలాన్ని మించుతుంది. సంఘంలో పని చేయకుండా పేరున్న విద్యావేత్తనని నిలబడితే డిపాజిట్ దక్కడం కూడా కష్టమే. అభ్యర్థి టీచరే అయి ఉండాలన్న నియమం లేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే అది లాభదాయక పదవి కిందికి వస్తుంది కాబట్టి రాజీనామా ఆమోదం పొందాకే నామినేషన్ వేయాలి. రాజీనామా ఇచ్చిన రసీదు సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు కావాలి.

## గవర్నర్ కోటా

సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ, ఈ అయిదింటిలో విశేష జ్ఞానం లేదా అనుభవం ఉన్నవారికి ఈ స్థానాలు. పేరు పంపేది మంత్రిమండలి. 2023లో తెలంగాణ మంత్రిమండలి పంపిన రెండు పేర్లను గవర్నర్ తిరస్కరించగా, 2024 మార్చిలో హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. ఆలోగా ప్రభుత్వమే మారిపోయింది. దరఖాస్తు చేసుకుని పొందేది కాదు కనుక దీన్ని ప్రణాళికగా పెట్టుకోకూడదు. వస్తే ఒక్క సంగతి: నామినేట్ అయినవారు సభలో కూర్చున్న ఆరు నెలల్లోపు పార్టీలో చేరొచ్చు, ఆ తర్వాత చేరితే సభ్యత్వం పోతుంది.

## గెలిచాక ఏది ఎంత

ప్రభుత్వం నిలబడేదీ పడేదీ శాసనసభ ఓటుతోనే. రాష్ట్రపతి ఎన్నికలో, రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యేకు ఓటుంది, ఎమ్మెల్సీకి లేదు. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లునైతే మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, ఆపై శాసనసభ మాటే నెగ్గుతుంది.

అలాగని మండలి అలంకారం కాదు. 2020 జనవరిలో ఆంధ్రలో రాజధాని బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి పంపడంతో ప్రభుత్వం అడుగు ముందుకు పడలేదు. ఆ కోపంలో శాసనసభ మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు 1985లో మండలి నిజంగానే రద్దయి 2007లో మళ్లీ వచ్చింది. శాసనసభకు ఈ ముప్పు లేదు. మంత్రి పదవికి మాత్రం రెండు సభలూ సమానమే. 2009లో రోశయ్య ముఖ్యమంత్రి అయ్యేనాటికి మండలి సభ్యుడే.

పదవీకాలం ఎమ్మెల్యేకు అయిదేళ్లు, సభ ముందే రద్దయితే అంతకంటే తక్కువ. ఎమ్మెల్సీకి ఆరేళ్లు, మండలికి శాసనసభలా గడువు ఉండదు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. ఉప ఎన్నికలో గెలిచినవారికి మిగిలిన కాలమే. వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 2024 జూన్‌లో గెలుపు దక్కినా, ఆ గడువు 2027 మార్చితో ముగుస్తుంది.

## ఖాళీల క్యాలెండర్

| ఎప్పుడు | పట్టభద్రులు | ఉపాధ్యాయులు |
|---|---|---|
| 2027 మార్చి | మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్, వరంగల్–ఖమ్మం–నల్లగొండ | తూర్పు–పశ్చిమ గోదావరి, కృష్ణా–గుంటూరు |
| 2029 మార్చి | శ్రీకాకుళం–విజయనగరం–విశాఖ; ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు; కడప–అనంతపురం–కర్నూలు | ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు; కడప–అనంతపురం–కర్నూలు; మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ |
| 2031 మార్చి | తూర్పు–పశ్చిమ గోదావరి, కృష్ణా–గుంటూరు, మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ | శ్రీకాకుళం–విజయనగరం–విశాఖ, వరంగల్–ఖమ్మం–నల్లగొండ, మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ |

ఇవి ఉమ్మడి జిల్లాల పేర్లు. ఓటరు నమోదు అంతకు ముందటి శరదృతువులోనే మొదలవుతుందని మరచిపోవద్దు. రాజీనామా, మరణం వల్ల మధ్యలో వచ్చే ఖాళీలు ఈ క్యాలెండర్‌లోకి రావు.

## ఎవరికి ఏది

ఒక్క నియోజకవర్గంలో పాతుకుపోయి, పెళ్లికీ చావుకూ వెళ్లే మనిషైతే శాసనసభే. ఆ పరిచయాలు మండలి దారుల్లో దేనికీ పనికిరావు, ఎందుకంటే ఒక పట్టభద్రుల స్థానం రెండు నుంచి నాలుగు ఉమ్మడి జిల్లాల మేర ఉంటుంది. ఉద్యోగార్థుల కోచింగ్, నిరుద్యోగ ఉద్యమాలు, పత్రికల ద్వారా జిల్లాలు దాటి పేరున్నవారికి, నియోజకవర్గం లేనివారికి పట్టభద్రుల స్థానం. సంఘంలో పెరిగిన టీచరుకు ఉపాధ్యాయ స్థానం, అందులో మరో ఆలోచన అక్కర్లేదు. పార్టీకి రాష్ట్ర స్థాయిలో పనిచేస్తూ, పొత్తుల్లో సీటు త్యాగం చేసినవారు అడగాల్సింది ఎమ్మెల్యే కోటా. అడిగేముందు పార్టీ బలాన్ని పైన చెప్పిన కోటాతో భాగించి చూసుకోవాలి. పార్టీకి వచ్చేది రెండు స్థానాలైతే, మీకంటే ముందు వరుసలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

రెండు దారుల మధ్య ఊగిసలాడేవారిలో ఎక్కువమంది స్వతంత్రులు: శాసనసభకా, పట్టభద్రులకా? పార్టీ గుర్తు, డబ్బు రెండూ లేకపోతే పట్టభద్రుల స్థానమే మేలు. గుర్తుల్లేని బ్యాలెట్, రెండో ప్రాధాన్యం అడిగే వీలు, ఈ రెండూ శాసనసభ ఎన్నికలో దొరకవు.

## నామినేషన్ దగ్గర పోయే సీట్లు

శాసనసభకు ఫారం 2బి, ఎమ్మెల్యే కోటాకు 2డి, మిగతా మండలి స్థానాలకు 2ఇ. అన్నిటికీ ఫారం 26 అఫిడవిట్ కావాలి. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే తీసుకుంటారు. ఒకే స్థానానికి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. వేయండి కూడా, ప్రతిపాదకుల్లో ఒకరి పేరు జాబితాలో సరిపోకపోతే రెండో సెట్టు కాపాడుతుంది.

అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. కేసులు, అప్పులు, ఆస్తులు లేకపోతే "లేవు", "వర్తించదు" అని రాయాలి. గీత గీసి వదిలేస్తే తిరస్కరించే అధికారం రిటర్నింగ్ అధికారికి ఉంది. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ జాబితా ధ్రువీకృత నకలు తీసుకెళ్లాలి. శాసనసభకు పార్టీ అభ్యర్థి అయితే, ఆ సంగతి పార్టీ తెలియజేసే ఫారం ఎ, ఫారం బి చివరి రోజు మూడు గంటల్లోపు అధికారి చేతికి చేరాలి. వాట్సాప్‌లో వచ్చిన బి ఫారం చెల్లదు, సిరా సంతకం ఉన్న కాగితమే కావాలి. ప్రమాణం నామినేషన్ వేసిన తర్వాత, పరిశీలన తేదీకి ముందురోజు లోపు చేయాలి. నామినేషన్ ఇచ్చిన వెంటనే అక్కడే చేసేయడం మంచిది. అన్నీ సరిగ్గా ఉండి, ప్రమాణం మర్చిపోయినందుకే పరిశీలనలో పేరు కొట్టేయించుకునేవారు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు.